కాలువ నీళ్ళ దొర – సర్ ఆర్థర్ కాటన్ జీవితం

మన కొల్లిపర ప్రాంతంలో ఏ పిల్లవాడినైనా పిలిచి, అన్నం ఎక్కడినుంచి వచ్చిందిరా అని అడిగితే పొలం నుంచి అంటాడు. పొలానికి నీళ్ళు ఎక్కడివి అంటే కాలువవి అంటాడు. కాలువకు ఎక్కడివి అంటే కృష్ణవి అంటాడు. అక్కడితో ప్రశ్నలు అయిపోతాయి. కృష్ణ తనంతట తాను గట్టు దాటి మన చేలోకి నడిచి రాలేదనీ, అట్లా వచ్చినప్పుడు దాన్ని వరద అంటారే గాని సాగునీరు అనరనీ, ఆ నీటిని చెప్పినచోటికి చెప్పినంత తెచ్చేందుకు ఎవరో ఒకరు ఒకప్పుడు తల బద్దలు కొట్టుకున్నారనీ పెద్దవాళ్ళం మనమే మరచిపోయాము, పిల్లలను అని ఏమి లాభం?

ఆ తల బద్దలు కొట్టుకున్న మనిషి పేరు ఆర్థర్ కాటన్. గోదావరి జిల్లాలవారికి ఈ పేరు కొత్తగా చెప్పనక్కరలేదు. అక్కడ ఊళ్ళల్లో ఆయన విగ్రహాలు ఉన్నాయి. ఆయనను కాటన్ దొర అని సొంత ఇంటి పెద్దను తలచుకున్నట్టు తలచుకుంటారు. మన కృష్ణ పడమటి డెల్టాలో ఆ పేరు అంతగా వినిపించదు. కారణం ఉన్నది. బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట దగ్గరుండి కట్టించినది కాటన్ కాదు, కెప్టెన్ ఛార్లెస్ ఓర్ అనే ఇంజనీరు. కాని ఆ ఆనకట్ట రావలసిందే అని పోరు పెట్టినది, ఇసుకలో ఆనకట్ట నిలుస్తుందని అంతకు ముందే కట్టి చూపించినది కాటన్ దొర. అందుచేత ఆయన జీవితాన్ని మన సంఘ సభ్యులకూ, వారి ఇళ్ళల్లోని ఆడవారికీ, చదువుకునే పిల్లలకూ నాలుగు మాటల్లో చెప్పాలని మేము అనుకున్నాము.

ఆయన 1803వ సంవత్సరం మే 15న ఇంగ్లండులో పుట్టారు. తండ్రి హెన్రీ కాల్వెలీ కాటన్. ఆ తండ్రికి పదకొండుమంది కొడుకులు, వారిలో ఈయన పదవవాడు. పదకొండుమంది మగపిల్లలున్న ఇంట్లో పదవవాడికి ఆస్తి ఏమి మిగులుతుందో మనకు తెలుసు. ఎవరి బతుకు వారు చూసుకోవలసిందే. పదిహేనేళ్ళ వయసులో ఆయన ఈస్టిండియా కంపెనీవారు అడిస్కోంబ్ అనేచోట నడిపే సైనిక విద్యాలయంలో చేరారు. పదహారు పదిహేడేళ్ళకే మద్రాసు ఇంజనీర్ల దళంలో ఉద్యోగం దొరికింది. కొంతకాలం వేల్సు ప్రాంతంలో భూమి కొలతల పని నేర్చుకుని, 1821లో మన దేశానికి వచ్చారు. అప్పటికి ఆయనకు పద్ధెనిమిదేళ్ళు. మన ఇళ్ళల్లో ఆ వయసు కుర్రవాడిని పక్క ఊరు పంపాలంటే తల్లి రెండుసార్లు ఆలోచిస్తుంది.

వచ్చిన మరుసటి ఏడు, అనగా 1822లో, ఆయనను దక్షిణ జిల్లాలలో చెరువుల శాఖలో వేశారు. ఆ ఉద్యోగమే ఆయన జీవితానికి దారి చూపించింది. చెరువుల శాఖ అంటే కుర్చీలో కూర్చుని చేసే పని కాదు. గుర్రం మీదా, కాలినడకనా తిరగాలి. గట్లు ఎక్కాలి, తూములు దిగి చూడాలి, కొలత గొలుసు పట్టుకుని చేల వెంబడి పోవాలి, రాత్రికి ఎక్కడ చీకటి పడితే అక్కడ డేరా వేసుకోవాలి. రామేశ్వరం దగ్గర పాంబన్ కాలువ సముద్రపు లోతులు కొలిచే పని కూడా చేశారు. మధ్యలో 1824లో మొదలైన బర్మా యుద్ధానికి వెళ్ళి వచ్చారు. ఆయనకు నాలుగు గోడల మధ్యకంటే ఆరుబయలే ఎక్కువ పాఠశాల అయినది. ఏరు ఎట్లా వంక తిరుగుతుంది, ఇసుక ఎక్కడ మేట వేస్తుంది, వరదకు ఏ గట్టు ముందు తెగుతుంది అనేవి పుస్తకంలో చదివి తెలుసుకోగలిగేవి కావు. ఏటి ఒడ్డున నిలబడి చూడాలి. ఆయన సంవత్సరాల తరబడి నిలబడి చూశారు.

1828 ప్రాంతంలో కావేరి నది సంగతి పరిశీలించమని ఆయనకు అప్పగించారు. అప్పటికి తంజావూరు సీమకు పెద్ద కష్టం వచ్చి ఉన్నది. కావేరి మేట వేసుకుపోతున్నది. నీరంతా పక్కనున్న కొళ్ళిడం పాయలోకి జారి సముద్రంలో కలిసిపోతున్నది. పంటలు తగ్గి రైతులు దిగాలుపడుతున్నారు. అక్కడ ఆయన కల్లణై అనే పాత ఆనకట్టను చూశారు. కరికాల చోళుడు కట్టించాడని చెప్పుకునే కట్టడం అది. ఎన్నో వందల యేండ్లుగా నీటిలో నిలిచి ఉన్నది. కింద బండరాయి లేదు, అంతా ఇసుకే. మరి ఎట్లా నిలిచింది?

ఈ ప్రశ్న దగ్గరే కాటన్ దొర గొప్పతనం ఉన్నదని మా అభిప్రాయం. ఆ రోజులలో వచ్చిన తెల్ల ఉద్యోగులలో చాలామంది ఈ దేశంవాళ్ళ దగ్గర నేర్చుకునేది ఏమీ లేదనుకునేవారు. ఈయన అట్లా అనుకోలేదు. పేరు తెలియని పాత మేస్త్రీలను గురువులుగా పెట్టుకున్నారు. పెద్ద రాళ్ళను ఇసుకలో వేస్తూ పోతే అవి కొంతవరకు దిగి, ఇక దిగనిచోట నిలబడతాయనీ, దానిమీద కట్టవచ్చుననీ కల్లణైని చూసి గ్రహించారు. ఇసుకలో బావులు దింపి, వాటిమీద పునాది కట్టే పద్ధతి కూడా ఈ దేశంలో ఉన్నదే. గోదావరి మీద తాను చేసినదానికి ఈ పాతవారి పనే ఆధారమని ఆయన దాచకుండా రాసుకున్నారు. తన పనిలో ఎదుటివాడి పాలు ఎంతో చెప్పగలిగినవాడు మనుషులలో తక్కువ, ఇంజనీర్లలో ఇంకా తక్కువ.

1836లో కొళ్ళిడం మీద ఎగువన ఒకటి, దిగువన ఒకటి, రెండు ఆనకట్టలు కట్టించారు. తంజావూరుకు మళ్ళీ నీళ్ళు వచ్చాయి. పెట్టిన ఖర్చు కంటే వచ్చిన రాబడి ఎక్కువ కావడంతో మద్రాసు ప్రభుత్వం ఆయన మాట వినడం మొదలుపెట్టింది.

కాని ఎండలో అంత తిరుగుడు శరీరానికి పడలేదు. ఆరోగ్యం బాగా చెడింది. సెలవు పెట్టి ఆస్ట్రేలియాకు దక్షిణాన ఉన్న టాస్మేనియా ద్వీపానికి చలువ కోసం వెళ్ళారు. అక్కడే 1841లో ఎలిజబెత్ లియర్మంత్ అనే ఆమెతో వివాహం జరిగింది. అప్పటికి ఆయనకు ముప్పై ఎనిమిదేళ్ళు. 1842 డిసెంబరులో కూతురు పుట్టింది. ఆ బిడ్డకు కూడా తల్లి పేరే ఎలిజబెత్ అని పెట్టుకున్నారు. భార్యనూ చంటిబిడ్డనూ తీసుకుని ఆయన మళ్ళీ మన దేశానికే వచ్చారు. ఆరోగ్యం చెడినవాడు, సంసారం ఏర్పడినవాడు, ఇక ఎక్కడైనా చల్లనిచోట తేలిక ఉద్యోగం చూసుకుంటే ఎవరూ తప్పు పట్టేవారు కాదు. ఆయన కొన్నాళ్ళు విశాఖపట్టణంలో పనిచేసి, అక్కడినుంచి గోదావరి ఒడ్డుకు వెళ్ళారు.

అప్పటి మన తెలుగు జిల్లాల స్థితి చెప్పకపోతే ఆయన చేసిన పని విలువ అర్థం కాదు. 1832-33లో, నందన నామ సంవత్సరంలో, గుంటూరు సీమకు వచ్చిన కరువును మన పెద్దలు నందన కరువు అనీ, డొక్కల కరువు అనీ తరతరాలుగా చెప్పుకున్నారు. మనిషి డొక్కలు లెక్కపెట్టేటట్టు కనిపించాయి కాబట్టి ఆ పేరు. అయిదు లక్షల జనం ఉన్న సీమలో దాదాపు రెండు లక్షలమంది పోయారని లెక్కలు చెబుతున్నాయి. అనగా ప్రతి అయిదుగురిలో ఇద్దరు. మన వీధిలో పదిళ్ళు ఉంటే నాలుగిళ్ళకు తాళం పడినట్టు. మద్రాసు బాట వెంట పీనుగులు తీసేవారు లేకపోయారు. ఇక్కడ గమనించవలసినది ఒకటి ఉన్నది. ఆ ఏడు ఈ జనం చచ్చిపోతున్న సీమకు పక్కనే కృష్ణ పారుతున్నది. గుక్కెడు నీళ్ళకు మొహం వాచిన చేలను చూస్తూ ఏరు సముద్రానికి పోయింది. నీరు లేక వచ్చిన చావు కాదు, నీటిని తిప్పేవాడు లేక వచ్చిన చావు.

గోదావరి సీమ కూడా అదే తీరుగా చితికిపోయింది. పాడైన ఆ జిల్లా సంగతి విచారించడానికి సర్ హెన్రీ మాంట్‌గోమరీ అనే అధికారిని పంపారు. ఆయన 1844లో, ఈ జిల్లా బాగుపడాలంటే నీటి పనులు చేయాలి, దానికి కాటన్‌ను పిలవాలి అని చెప్పారు. కాటన్ డెల్టా అంతా తిరిగి, కొలతలు తీసి, ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టవచ్చునని రాసి పంపారు. 1846 చివర అనుమతి వచ్చింది. 1847లో పని మొదలయింది.

గోదావరి అక్కడ లంకలతో కలుపుకుని నాలుగు మైళ్ళ వెడల్పు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలుగా ఆనకట్ట కట్టాలి. కట్టడం ఒక్కటే రెండుంబావు మైళ్ళ పొడవు. రాయి కోసం దూరం పోనక్కరలేకుండా ధవళేశ్వరం కొండ పక్కనే ఉన్నది. కొండ దగ్గర నుంచి ఏటి దాకా పట్టాలు వేసి బండ్లమీద రాయి దొర్లించారు. వేలమంది కూలీలు, వడ్రంగులు, కమ్మర్లు, రాతిపనివాళ్ళు పనిచేశారు. వారిని కూడగట్టి, పని నడిపించడంలో కాటన్‌కు కుడిభుజంగా నిలిచినవారు వీణం వీరన్న అనే మన తెలుగువారు. ఆయనకు తరువాత రాయబహదూరు బిరుదు వచ్చింది. మిగిలిన వేలమంది పేర్లు ఏ రాతిమీదా లేవు. దొర పేరు చెప్పుకున్నప్పుడు ఆ తట్టలు మోసినవారిని కూడా తలచుకోవడం న్యాయం. మనలో చాలామంది తాత ముత్తాతలు అటువంటి తట్టలు మోసి బతికినవారే.

కాటన్ కాపురం ధవళేశ్వరంలోనే, పని జరిగేచోటికి దగ్గరలో. తెల్లవారకముందే లేచి ఏటి ఒడ్డున ఉండడం ఆయన అలవాటు. భార్య, చిన్నపిల్ల ఆ దుమ్ములో, ఆ ఎండలో ఆయనతోనే ఉన్నారు. పని నడుస్తుండగా వరద వచ్చి కట్టినదానిలో కొంత కొట్టుకుపోయింది కూడా. 1848లో ఆయన ఆరోగ్యం మళ్ళీ దెబ్బతిన్నది. పనిని కెప్టెన్ ఓర్ చేతిలో పెట్టి మళ్ళీ ఆస్ట్రేలియా వెళ్ళవలసివచ్చింది. 1850లో తిరిగివచ్చి మళ్ళీ పనిలో దిగారు. 1852 మార్చి నెలాఖరుకు ఆనకట్ట పూర్తి అయింది. హేగ్ అనే యువ ఇంజనీరు గన్నవరం దగ్గర 49 కమానులతో అక్విడక్టు కట్టి, ఏటిపాయ మీదుగా కాలువను దాటించి కోనసీమలోని నగరం లంకకు నీరు ఇచ్చాడు. ఏటి మీదుగా ఏరు పోవడం చూడడానికి జనం బండ్లు కట్టుకుని వచ్చి ఉంటారని మనం ఊహించుకోవచ్చును.

ఇక మన కృష్ణ సంగతి. బెజవాడ దగ్గర ఒకవైపు ఇంద్రకీలాద్రి, మరొకవైపు సీతానగరం కొండ. ఏరు ఆ రెండింటి నడుమ సన్నబడి పోతుంది. అక్కడ అడ్డుకట్ట వేయాలనే ఆలోచన కాటన్ కంటే ముందువారికి కూడా వచ్చింది. కాని ఆలోచన కాగితాలలో పడి ఉండిపోయింది. గోదావరి పని ఫలితం కంటికి కనిపించడం మొదలైన తరువాత, కాటన్ గట్టిగా పట్టుబట్టిన తరువాత, 1852లో కృష్ణ ఆనకట్ట మొదలయింది. గోదావరి మీద చెయ్యి తిరిగిన ఓర్ దానిని 1855లో పూర్తి చేశారు. రెండు కొండల రాయే ఏటిలో పోశారు. సీతానగరం వైపు తూముల నుంచి బయలుదేరిన నీరు దుగ్గిరాల వచ్చి, అక్కడ కొమ్మలుగా చీలి, తెనాలి మీదుగా నిజాంపట్నం వైపు ఒకటి, కొమ్మమూరు కాలువగా మరొకటి, ఇట్లా పడమటి డెల్టా అంతా పాకింది. దుగ్గిరాల లాకుల దగ్గర నిలబడి చూస్తే ఒక చెట్టు మొదలు దగ్గర నిలబడినట్టే ఉంటుంది.

ఇందులోని కిటుకు మన ఊరివారికి సులభంగా తెలుస్తుంది. మన వైపు ఏటి గట్టు దగ్గర మెరక, ఏటికి దూరమయ్యేకొద్దీ పల్లం. మున్నంగి దగ్గర నిలబడినవాడికీ, నిజాంపట్నం దగ్గర నిలబడినవాడికీ ఎత్తులో ఉన్న తేడా అదే. ఏరు వేల సంవత్సరాలుగా ఒండ్రు తెచ్చి తన గట్టును తానే ఎత్తు చేసుకున్నది. కాబట్టి ఏటి నీటిని కొన్ని అడుగులు పైకి లేపి గట్టు దాటించగలిగితే చాలు, ఆ తరువాత అది ఎవరూ తోడకుండా, ఎద్దు కట్టకుండా, నూనె పొయ్యకుండా తనంతట తానే పల్లానికి పోతుంది. ఆనకట్ట చేసే పని ఆ కొన్ని అడుగులు లేపడమే. ఇంత పెద్ద మేలుకు ఇంత తక్కువ ఖర్చు కావడానికి కారణం ఇదే. తరువాత కాలంలో 1952 వరదకు ఆ పాత ఆనకట్టకు గండి పడింది. దాని స్థానంలో ప్రకాశం బ్యారేజి కట్టి 1957 డిసెంబరులో నీరు వదిలారు. రెండువైపులా కలిపి సుమారు 13 లక్షల ఎకరాల ఆయకట్టు దీని మీద ఉన్నది. ధవళేశ్వరంలో కూడా పాతదానికి బదులుగా కొత్త బ్యారేజి 1982లో పూర్తి అయింది, దానికి కాటన్ పేరే పెట్టారు.

కాలువ అంటే ఆయన దృష్టిలో సాగుకు మాత్రమే కాదు, దారి కూడా. రోడ్లు లేని ఆ రోజులలో పడవల మీద ధాన్యం, ఉప్పు, కట్టెలు పోయేవి. కొమ్మమూరు కాలువ పెదగంజాం దగ్గర బకింగ్‌హాం కాలువతో కలిసేది గనుక మన వైపునుంచి పడవ ఎక్కిన ధాన్యం మద్రాసు చేరేది. లాకులు కట్టినది ఈ పడవల కోసమే. రైళ్ళకు పోసే డబ్బులో కొంత కాలువలకు పెట్టండి, బీదవాడి సరుకు చవకగా పోతుంది, కరువు వచ్చినచోటికి గింజలు చేరుతాయి అని ఆయన జీవితమంతా వాదించారు. 1854లో ప్రజాపనుల గురించి పుస్తకమే రాశారు. ఏలేవారి మొదటి బాధ్యత జనానికి నీళ్ళూ దారులూ కల్పించడం, దాన్ని మీరు మరచిపోయారు అని తన పై అధికారులనే నిలదీశారు. అందుకు ఆయనకు శత్రువులు కూడా తక్కువ లేరు.

ఆయన ప్రతిమాటా నెగ్గిందని చెప్పడానికి లేదు. తుంగభద్ర నీటిని సుంకేసుల నుంచి కర్నూలు, కడప వైపు తీసుకుపోయే కాలువ ఆయన ప్రోత్సాహంతో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ అనే సంస్థ చేపట్టినది. అది లెక్కలలో దారుణంగా దెబ్బతిన్నది. డెల్టా నేల వేరు, రాయలసీమ నేల వేరు. అక్కడి రైతులు మెట్టపంటలకు అలవాటు పడినవారు, అనుకున్నంతమంది నీరు తీసుకోలేదు. చివరకు 1882లో ప్రభుత్వమే కంపెనీనుంచి కాలువను తీసుకోవలసివచ్చింది. ఆయన ఎదుటి పక్షంవారు ఈ ఒక్కదాన్ని పట్టుకుని ఆయన ఆలోచనలన్నీ గాలిమేడలే అన్నారు. 1878లో, డెబ్బై అయిదేళ్ళ వయసులో, ఇంగ్లండు పార్లమెంటు సంఘం ముందు కూర్చుని ఆయన ప్రశ్నలకు జవాబులు చెప్పుకున్నారు. పడవ కాలువల విషయంలో ఆ సంఘం ఆయన మాట వినలేదు. కాని ఒక సంగతి మాత్రం ఎవరూ కాదనలేకపోయారు. 1876-78లో దక్షిణదేశమంతా మహా కరువుకు మాడిపోతుంటే, గోదావరి, కృష్ణ డెల్టాలు తాము తిని, ఇతరులకు ధాన్యం పంపించాయి. నలభై అయిదేళ్ళ కిందట డొక్కల కరువుతో చచ్చిన సీమ ఇదే. దీనికంటే పెద్ద సాక్ష్యం ఏమి కావాలి?

ఆయన 1860లో ఉద్యోగం చాలించి ఇంగ్లండు వెళ్ళారు. 1861లో సర్ బిరుదు వచ్చింది. 1863లో మళ్ళీ ఒకసారి ఇటు వచ్చి కొన్ని నదుల పథకాలు చూసి వెళ్ళారు. చివరి కాలమంతా సర్రీ జిల్లాలో డార్కింగ్ అనే ఊళ్ళో, భార్యాబిడ్డల మధ్య గడిచింది. పెన్షను తీసుకుని పడక కుర్చీలో కూర్చునే మనిషి కాదు గదా. ఇంటి పెరట్లో చిన్న మడి తీసుకుని నేలను లోతుగా తవ్వి గోధుమ వేసేవారు. నేల లోతుగా గుల్ల చేస్తే తక్కువ విత్తనంతో ఎక్కువ పంట వస్తుందని ఏటేటా వేసి చూసి, లెక్క రాసుకునేవారు. కోట్ల గింజలు పండే నేలకు నీరు ఇచ్చిన మనిషి, ముసలితనంలో పెరటి మడిలో కంకికి ఎన్ని గింజలు వచ్చాయో లెక్కపెడుతూ కూర్చున్నారు. పెద్ద పని చేసినా, చిన్న పని చేసినా శ్రద్ధ ఒక్కటే.

మా వంటి ఉర్దూ పంతుళ్ళకు ప్రత్యేకంగా సంతోషం కలిగించే సంగతి ఇంకొకటి ఉన్నది. ఈ ఇంజనీరు ముసలితనంలో అరబ్బీ భాష మీద మనసు పెట్టారు. 1870ల దశకంలో అరబ్బీ నేర్చుకునేవారికోసం ఒక చిన్న వాచకం కూడా తయారుచేసి లండనులో అచ్చు వేయించారు. ముప్పై ముఖ్యమైన మాటలు తీసుకుని, వాటితో 180 చిన్న వాక్యాలు కూర్చారు. వ్యాకరణం నెత్తిన రుద్దకుండా, చెవితో విని నోటితో పలికి నేర్చుకోవాలనేది ఆయన పద్ధతి. కొద్ది మాటలే అయినా గట్టిగా రావాలి, ఆ తరువాతి మాటలు వాటంతట అవే వచ్చి చేరుతాయి. మేము తరగతి గదిలో ఇరవై ఏళ్ళ నుంచీ చెబుతున్నది ఇదే. ఏటిని కొద్దిగా లేపితే మిగతా దారి అదే చూసుకుంటుంది అనే మాటకూ, ఈ మాటకూ పోలిక ఉన్నదని అనిపిస్తుంది. డెబ్బై ఏళ్ళ మనిషి కొత్త భాషకు వాచకం రాశారంటే, ముప్పై ఏళ్ళకే ఇక చదువు మాకు రాదు అనే మనవాళ్ళు కొంచెం ఆలోచించుకోవాలి.

కూతురు ఎలిజబెత్ కూడా తండ్రిని పోలినదే. డార్కింగ్‌లో కూలిజనం సాయంత్రమయ్యేసరికి సారా అంగళ్ళ పాలవుతున్నారని, వారు కూర్చుని కాఫీ తాగి, నాలుగు మంచి మాటలు చెప్పుకునేందుకు ఒక గది ఏర్పాటు చేసి నడిపింది. తరువాత అడ్మిరల్ సర్ జేమ్స్ హోప్ అనే నావికాధికారిని పెళ్ళి చేసుకుని లేడీ హోప్ అయింది. కాటన్ దొర 1899 జూలైలో డార్కింగ్‌లోనే కాలం చేశారు. తొంభై ఆరేళ్ళు నిండు జీవితం. మరుసటి ఏడు, 1900లో, తండ్రి జీవితాన్ని పెద్ద పుస్తకంగా అచ్చువేయించినది ఈ కూతురే. ప్రభుత్వాలు రాయించిన చరిత్రలలో మనిషి కంటే పదవి ఎక్కువ కనిపిస్తుంది. కూతురు రాసినప్పుడు ఆ మనిషి ఇంట్లో ఎట్లా ఉండేవాడో కూడా తెలుస్తుంది. ఎండలో రాళ్ళమధ్య బతుకు గడిపి కూడా బిడ్డ మనసులో అంత చోటు సంపాదించుకోవడం చిన్న సంగతి కాదు. సంఘసేవ అనో, వ్యాపారం అనో ఇల్లు మరచిపోయే మనం ఇది గమనించాలి.

ఇక్కడ కొందరికి ఒక అనుమానం రావచ్చును. మేము కూడా ఈ విషయం చాలాసార్లు ఆలోచించాము. పరాయి ఏలుబడిలో జీతం తిన్న ఉద్యోగిని మనం తలచుకోవడం ఏమిటి? కంపెనీవారు ఆనకట్టలు కట్టినది మనమీద ప్రేమతోనా, శిస్తు పెరుగుతుందనా? శిస్తు పెరుగుతుందనే. అందులో దాపరికం లేదు. కాటన్ కూడా వారిని ఒప్పించడానికి రాబడి లెక్కలే చూపించవలసివచ్చింది. నీరు వచ్చినాక కూడా మొదట బాగుపడినవాడు భూమి ఉన్నవాడు. కౌలుకు చేసేవాడికీ, కూలికి పోయేవాడికీ ఆ నీటి మేలు చేరడానికి తరాలు పట్టింది, ఇంకా పూర్తిగా చేరలేదు కూడా. మన కుటుంబాలలో ఎక్కువ ఆ రెండో వరసలోనివే. ఇవన్నీ నిజమే. అయినా ఆ ఏలుబడి కిందనే ఎంతోమంది ఉద్యోగులు వచ్చి, జీతం తీసుకుని, బంగళా చూసుకుని పోయారు. వారెవరి పేరూ మనకు తెలియదు. ఈయన ఒక్కడు చచ్చిన జనాన్ని చూసి, ఇది దైవనిర్ణయం కాదు, మనుషుల నిర్లక్ష్యం అని ఏలినవారి మొహం మీదనే చెప్పి, దానికి మందు చేసి చూపించారు. ఏలుబడి వేరు, ఆ మనిషి వేరు. పాలకులను ఎంచవలసినచోట ఎంచుదాము. మేలును మాత్రం మరచిపోవద్దు. దప్పికగొన్నవాడికి నీళ్ళు ఇవ్వడం కంటే పెద్ద పుణ్యం లేదని మన ఇళ్ళల్లో చిన్నప్పటినుంచి చెప్పి పెంచుతాము. నీళ్ళు ఇచ్చినవాడు ఏ మతంవాడు, ఏ దేశంవాడు అని ఆ మాటలో ఎక్కడా లేదు.

తలచుకోవడమంటే ఫొటోకు దండ వేయడం ఒక్కటే కాదు. ఒకసారి మన కాలువల గట్టున నడిచి చూడండి. గుర్రపుడెక్క పేరుకుని నీరు కనపడనిచోట్లు ఎన్నో ఉన్నాయి. ఇంటి చెత్త, కోళ్ళ వ్యర్థాలు, ప్లాస్టిక్ సంచులు మోసుకొచ్చి కాలువలో వేసేది పైనుంచి ఎవరో వచ్చి కాదు. మొదలు భూముల వాళ్ళం కావలసినదానికంటే ఎక్కువ నీరు వాడుకుంటే, అక్కడ రేపల్లె, నిజాంపట్నం వైపు శివారు భూముల రైతు ఆకుమడి ఎండిపోతుంటే ఆకాశం వైపు చూస్తాడు. కాలువ కొసన ఉన్నవాడికి కూడా అందినప్పుడే అది కాలువ. సంఘం సంగతి కూడా అంతే. మనం కూడబెట్టే చందా, పిల్లలకు ఇచ్చే పుస్తకాలు, ఆడపిల్లల చదువుకు చేసే సాయం మొదట ఉన్నవారి చేతుల దగ్గరే ఆగిపోతే, కొసన ఉన్న పూరింటిదాకా రాకపోతే, మనం కట్టినది ఆనకట్ట కాదు, అడ్డుకట్ట.

ఇట్లా ఆలోచిస్తే కాటన్ దొర జీవితంలో మనం తీసుకోదగినవి కొన్ని ఉన్నాయి. పాతవారు చేసినదాన్ని చూసి నేర్చుకోవడం. కళ్ళతో చూడకుండా కాగితం మీద తేల్చకపోవడం. పనిలో తోడున్నవారి పేరు చెప్పడం. ఓడిపోయినచోట కూడా తన మాట దాచకుండా చెప్పుకోవడం. వయసు మీరినా కొత్తది నేర్చుకోవడం. భార్యాబిడ్డలను వెంటబెట్టుకుని కష్టం పంచుకోవడం. ఇవి పెద్ద ఉద్యోగం ఉన్నవారికే కావలసినవి కావు. మడికి నీరు కట్టేవాడికి కూడా కావలసినవే.

జూన్, జూలైలలో తూములు ఎత్తి కాలువకు నీరు వదిలిన రోజున, ఎర్రటి కొత్త నీరు ఎండుటాకులను ముందుకు తోసుకుంటూ మన వైపు వస్తుంది. ఆ రోజు మీ పిల్లలను చెయ్యిపట్టుకుని గట్టుమీదకు తీసుకువెళ్ళండి. ఈ నీరు ఎట్లా వచ్చిందో, ఎంతమంది చచ్చిన తరువాత వచ్చిందో, ఎవరు కొలిచారో, ఎవరు మోశారో చెప్పండి. కాలువలో ఏమీ పారవేయవద్దని కూడా ఆ నోటితోనే చెప్పండి. మనం చేయగల నివాళి అదే.